జవాబు కరెక్టే, మార్కులు రాలేదు: ఒక ఏపీ స్టాటిస్టిక్స్ కేసు

ముందుగా ఒక మాట. ఇక్కడ ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. అమెరికాలో హైస్కూల్ పిల్లలు కాలేజ్ స్థాయి కోర్సును స్కూల్లోనే చదివి, మే నెలలో కాలేజ్ బోర్డ్ అనే సంస్థ పెట్టే పరీక్ష రాస్తారు. స్కోరు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 వస్తే పాసైనట్టు లెక్క. కానీ ఎంత స్కోరుకు కాలేజ్ క్రెడిట్ (కాలేజ్‌లో ఆ కోర్సు చదివేసినట్టు లెక్క) ఇవ్వాలి, అసలు ఇవ్వాలా వద్దా అన్నది ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ నిర్ణయించుకుంటుంది. స్టాటిస్టిక్స్‌లో ఈ పరీక్ష 1997లో మొదలైంది.

నేను వారాంతాల్లో ఈ సబ్జెక్టు ట్యూషన్ చెబుతాను. ఈ కేసు 2024 జనవరి నుంచి మే దాకా నడిచింది. అబ్బాయి పేరు, ఊరు, స్కూలు రాయడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. మార్కులు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవే.

నేపథ్యం

పదకొండో తరగతి అబ్బాయి. అమెరికాలోనే పుట్టి పెరిగాడు. తెలుగు బాగా అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లిష్ కలుస్తుంది. ప్రీ-కాలిక్యులస్‌లో ఏ గ్రేడు, స్కూల్లో స్టాటిస్టిక్స్‌లో కూడా ఏ గ్రేడే. నాన్నగారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. తొంభైల్లో ఎంసెట్ రాసి మంచి ర్యాంకు తెచ్చుకున్న మనిషి. కొడుకు కంప్యూటర్ సైన్స్ చదవాలి, కాలేజ్‌లో అడుగు పెట్టకముందే వీలైనన్ని క్రెడిట్లు చేతిలో ఉండాలి, ఒక సెమిస్టర్ ఫీజైనా మిగలాలి. ఇదీ ఆయన ప్లాను. ఇందులో తప్పేమీ లేదు, నా దగ్గరకు వచ్చేవాళ్లలో చాలామంది ఆలోచన ఇదే.

మొదటిరోజు ఆయన అడిగింది ఒక్కటే: "ఫైవ్ గ్యారంటీగా వస్తుందా మేడమ్?" గ్యారంటీ ఇవ్వలేనని చెప్పాను. ముందు ఒక పూర్తి మాక్ టెస్టు రాయిద్దామన్నాను. నేను అడగాల్సిన ఒక ప్రశ్న ఆరోజు అడగలేదు. దాని సంగతి చివర్లో వస్తుంది.

సమస్య ఎలా కనబడింది

పరీక్ష రూపం తెలియకపోతే ఈ కథ అర్థం కాదు. 2024లో మొత్తం మూడు గంటలు. మొదటి గంటన్నరలో 40 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, వాటికి సగం వెయిటేజీ. రెండో గంటన్నరలో ఆరు ఫ్రీ రెస్పాన్స్ ప్రశ్నలు, అంటే రాసి వివరించేవి, మిగతా సగం. ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 4 వేస్తారు. ఆరోది ఇన్వెస్టిగేటివ్ టాస్క్. అదొక్కటే రెండో సెక్షన్‌లో నాలుగో వంతు. కాలిక్యులేటర్ తీసుకెళ్లొచ్చు, ఫార్ములాలూ టేబుళ్లూ వాళ్లే ఇస్తారు. నెగటివ్ మార్కింగ్ లేదు. (2025 నుంచి మల్టిపుల్ చాయిస్ లాప్‌టాప్‌లో బ్లూబుక్ యాప్‌లోకి వెళ్లింది, రాసేవి మాత్రం కాగితం మీదే. రూపం మళ్లీ మారవచ్చు, ఆ ఏడాది నియమాలు బోర్డు సైట్‌లో చూసుకోండి.)

ఫార్ములాలు వాళ్లే ఇచ్చి, లెక్క మిషన్ చేసిపెడుతుంటే ఇంక పరీక్షించేదేమిటి? ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. నిజం చెప్పాలంటే జనవరిలో నాకూ అంత గట్టిగా తట్టలేదు.

మాక్ ఫలితం: మల్టిపుల్ చాయిస్‌లో 40కి 33. రాత ప్రశ్నల్లో మొదటి ఐదింటికి కలిపి 20కి 7, ఆరోదానికి 4కి 1. వందకు మార్చితే 57.5. ఏ స్కోరుకు కటాఫ్ ఎంత అన్నది ఏటా మారుతుంది కానీ, నా అంచనాలో అది 3, 4ల మధ్య గట్టు మీద ఉంది.

ఆ మాక్‌లో నేను ఇచ్చిన ఒక ప్రశ్న ఇక్కడ చెబుతాను. కౌంటీ లైబ్రరీలో కార్డున్నవాళ్లలో 40 శాతం కంటే ఎక్కువమంది ఈ-బుక్స్ తీసుకుంటున్నారా? ర్యాండమ్‌గా ఎంచిన 150 మందిలో 72 మంది తీసుకున్నారు. 5 శాతం స్థాయిలో పరీక్షించమన్నాను. అబ్బాయి రాసింది మొత్తం ఇదే: "జెడ్ = 2.00, పి-వాల్యూ = 0.0228, 0.05 కంటే తక్కువ, కాబట్టి నల్ హైపాతిసిస్ రిజెక్ట్." (నల్ హైపాతిసిస్ అంటే 40 శాతమే నిజమన్న మొదటి ఊహ. జెడ్ అంటే మన ఫలితం ఆ ఊహకు ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత. పి-వాల్యూ అంటే ఆ ఊహే నిజమైతే ఇంత ఫలితమో, ఇంతకంటే ఎక్కువో లక్‌తో వచ్చే అవకాశం.) నాలుగు నిమిషాల్లో ముగించాడు. లెక్క అక్షరాలా కరెక్టు. నేను 4కి 1 వేశాను.

నాన్నగారు ఆ కాగితం పట్టుకుని, "జెడ్ కరెక్టే, పి-వాల్యూ కరెక్టే, రిజెక్ట్ అనడమూ కరెక్టే. మార్కులు ఎందుకు పోయాయండీ?" అన్నారు. ఎంసెట్ నుంచి వచ్చిన మనిషికి అది న్యాయమైన ప్రశ్నే. అక్కడ ఓఎంఆర్ షీటు మీద దిద్దిన బుడగే జవాబు, దారి ఎవరూ అడగరు. ఇక్కడ దారికే మార్కులు. ఆ ప్రశ్నలో "పి అంటే కౌంటీలో కార్డున్న వాళ్లందరిలో ఈ-బుక్స్ తీసుకునేవాళ్ల నిష్పత్తి" అని చెప్పాలి (ఈ పి వేరు, పి-వాల్యూ వేరు). ఏ టెస్టు వాడుతున్నామో పేరు రాయాలి. ఆ టెస్టుకు కావలసిన షరతులు, అంటే శాంపుల్ ర్యాండమ్‌గా తీశారని, 150 మంది మొత్తం కార్డుదారుల్లో పదో వంతుకు మించరని, 150 × 0.4 = 60, 150 × 0.6 = 90 రెండూ 10 దాటాయని చూపించాలి. చివర్లో లైబ్రరీ గురించి ఒక వాక్యం రాయాలి. అబ్బాయి జవాబులో లైబ్రరీ అన్న మాటే లేదు. ఆ మూడు ముక్కలు చూసి ఇది దేని గురించిన లెక్కో ఎవరూ చెప్పలేరు.

నేను చేసిన మొదటి తప్పు

ఇంత స్పష్టంగా కనిపిస్తున్నా నేను మొదట వెళ్లింది వేరే దారిన. మల్టిపుల్ చాయిస్‌లో పోయిన 7 ప్రశ్నల్లో 4 ప్రాబబిలిటీవి. అవి లెక్కపెట్టుకోవడం తేలిక, ఏ యూనిట్‌లో బలహీనమో చార్టు గీస్తే తల్లిదండ్రులకు చూపించడమూ తేలిక. రాత ప్రశ్నలది "ఇంగ్లిష్ రాయడానికి బద్ధకం, పరీక్ష దగ్గరపడితే అదే రాస్తాడు" అనుకున్నాను. దాంతో మూడు శనివారాలు కండిషనల్ ప్రాబబిలిటీ, బైనామియల్, ర్యాండమ్ వేరియబుల్స్ కలపడం తోమించాను.

ఫిబ్రవరి మొదట్లో ఇంకో మాక్ పెట్టాను. మల్టిపుల్ చాయిస్ 36కి పెరిగింది. రాత ప్రశ్నలు 20కి 7. కదల్లేదు.

మల్టిపుల్ చాయిస్‌లో ఒక్కో ప్రశ్న 1.25 పాయింట్లు. మొదటి ఐదు రాత ప్రశ్నల్లో ఒక్కో మార్కు విలువ 1.875. మూడు వారాల కష్టానికి వచ్చింది 3.75 పాయింట్లు. అదే కష్టం రాత వైపు పెడితే 20లో 13 మార్కులు ఖాళీగా పడి ఉన్నాయి. ఈ చిన్న గుణకారం జనవరిలోనే చేసి ఉండాల్సింది. స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని, నా దగ్గరున్న డేటా నేనే చూసుకోలేదు.

రెండో ప్రయత్నం: అచ్చు వాక్యాలు

ఈసారి ట్యూషన్లు చెప్పే చాలామంది చేసే పనే చేశాను. ప్రతి రకం ప్రశ్నకూ ఒక అచ్చు తయారుచేసి ఇచ్చాను. కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌కు (అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండొచ్చో శాంపుల్ నుంచి వేసే అంచనా) ఒక వాక్యం, పి-వాల్యూకు ఒకటి, స్లోప్‌కు (ఒకటి పెరిగితే ఇంకోటి ఎంత మారుతుందో చెప్పే అంకె) ఒకటి. ఖాళీల్లో కాంటెక్స్ట్ పెట్టుకుంటే చాలు. ఇలా ఎందుకు చేశానంటే, అబ్బాయికి జ్ఞాపకశక్తి బాగుంది, టైమ్ తక్కువుంది, అచ్చులు త్వరగా ఎక్కుతాయి.

రెండు వారాలు అద్భుతంగా పనిచేసింది. స్లోప్ ప్రశ్నలో "ధర 18 వేలు పెరుగుతుంది" అని రాసేవాడు "ప్రతి అదనపు 100 చదరపు అడుగులకు, మోడల్ అంచనా వేసే ధర సగటున 18 వేల డాలర్లు పెరుగుతుంది" అని రాయడం మొదలుపెట్టాడు. "అంచనా" అన్న ఒక్క మాట లేక పోయే మార్కులు వెనక్కి వచ్చాయి. నాన్నగారూ సంతోషించారు.

మూడో వారం ఒక ప్రయోగం ప్రశ్న ఇచ్చాను. 24 మంది వాలంటీర్లు. చీటీలు తీసి 12 మందిని ఒక గుంపులో, 12 మందిని ఇంకో గుంపులో వేశారు. ఒక గుంపు పడుకునే గంట ముందే ఫోన్ పక్కన పెట్టేయాలి. ఎన్ని నిమిషాలు నిద్రపోయారో డేటా ఇచ్చాను. అబ్బాయి చక్కని చేతిరాతతో ఇలా రాశాడు: "ర్యాండమ్ శాంపుల్ తీసుకున్నారు. శాంపుల్ పాపులేషన్‌లో 10 శాతం లోపే ఉంది. శాంపుల్ సైజు 30 పైన, కాబట్టి నార్మల్. కాబట్టి ఫోన్ పక్కన పెడితే టీనేజర్లందరికీ నిద్ర పెరుగుతుంది."

నాలుగు వాక్యాలూ తప్పే. అక్కడ శాంపుల్ తీయలేదు, ఉన్నవాళ్లనే ర్యాండమ్‌గా రెండు గుంపులు చేశారు. పాపులేషన్ (మనం తెలుసుకోవాలనుకున్న వాళ్లందరూ) నుంచి తీయనప్పుడు 10 శాతం షరతుతో పనే లేదు. గుంపుకు 12 మందే ఉన్నారు కాబట్టి డాట్‌ప్లాట్ (ఒక్కో విలువకు ఒక చుక్క) గీసి, ఒకవైపుకు పెద్ద ఒరుగూ, అవుట్‌లయర్లూ (మిగతావాటికి దూరంగా పడ్డ విలువలు) లేవని చూపాలి. ఇక ముగింపు: గుంపుల్లో వేయడం ర్యాండమ్‌గా జరిగింది కాబట్టి నిద్ర పెరగడానికి ఫోనే కారణమని అనొచ్చు. కానీ వాలంటీర్లు కాబట్టి టీనేజర్లందరికీ అంటగట్టకూడదు.

జనవరిలో ఏమీ రాయని పిల్లవాడు మార్చిలో నమ్మకంగా తప్పు రాస్తున్నాడు. ఏది పెద్ద జబ్బో నేను ఇప్పటికీ చెప్పలేను. లైబ్రరీ ప్రశ్న మళ్లీ ఇస్తే అక్కడా తీసుకున్న 72, తీసుకోని 78 రెండూ 10 దాటాయని రాశాడు. అంటే ఇంటర్వల్‌కు వాడే షరతును టెస్టుకు అతికించాడు. టెస్టులో నల్ నిజమని అనుకుని లెక్కిస్తాం కాబట్టి 0.4 తోనే చూడాలి. ఆ "కాబట్టి" తెలియనివాడికి ఏ అచ్చు ఎక్కడ వాడాలో ఎలా తెలుస్తుంది?

అచ్చుల కాగితం వెనక్కి తీసేసుకున్నాను. అబ్బాయి ఒప్పుకోలేదు. "ఆంటీ, అది ఉంటే కనీసం టూ వస్తోంది కదా" అన్నాడు. అతని భయం అర్థమైంది. పరీక్షకు ఏడు వారాలే ఉంది.

పని చేసింది

మార్చి మూడో వారం నుంచి అతని చేత రాయించడం మానేసి, దిద్దించడం మొదలుపెట్టాను.

కాలేజ్ బోర్డ్ పాత రాత ప్రశ్నల్నీ, వాటిని దిద్దే పద్ధతినీ, నిజం విద్యార్థులు రాసిన కొన్ని జవాబుల్నీ, వాటికి వేసిన మార్కుల్నీ తన సైట్‌లో అందరికీ అందుబాటులో పెడుతుంది. ప్రశ్నలోని ఒక్కో భాగానికి మూడే తీర్పులు: పూర్తిగా సరైనది, కొంత సరైనది, సరికాదు. వాటిని కలిపి 0 నుంచి 4 వేస్తారు. నేను మార్కులు దాచిపెట్టి, జవాబు మాత్రం అబ్బాయి చేతికిచ్చేదాన్ని. అతను ఎర్రపెన్ను పట్టుకుని ప్రతి భాగానికీ తీర్పు రాయాలి, ఎందుకో ఒక వాక్యం చెప్పాలి. ఆ తర్వాతే బోర్డు వేసిన మార్కు చూస్తాం.

ఇదే ఎందుకు ఎంచుకున్నానంటే, అతనికి తెలియనిది ఏం రాయాలో కాదు, చదివేవాళ్లకు ఏం కావాలో. జూన్‌లో వేలాది పేపర్లు దిద్దే టీచర్లు ఈ అబ్బాయి మనసులోకి వచ్చి చూడరు, కాగితం మీద ఉన్నదే చూస్తారు. ఈ సంగతి నేను జనవరి నుంచి చెబుతూనే ఉన్నాను. చెబితే తలకెక్కలేదు.

మొదటి శనివారం నాలుగు జవాబులు దిద్దితే మూడింటికి బోర్డు కంటే ఎక్కువ వేశాడు. "వాడికి తెలుసు ఆంటీ, రాయలేదంతే" అనేవాడు. రెండో శనివారానికి గొంతు మారింది. "ఏ పాపులేషన్? ఎక్కడ చెప్పాడు?" అని కాగితాన్నే తిట్టడం మొదలుపెట్టాడు. ఒక జవాబులో ఎవరో రెండు రకాల ముగింపులు రాసి, ఏది కావాలంటే అది తీసుకోండన్నట్టు వదిలేశారు. అలా రాస్తే తక్కువ దాన్నే లెక్కలోకి తీసుకుంటారని తెలిసి తెగ నవ్వాడు. అతనికీ ఆ అలవాటుంది.

మూడో వారం అతని జనవరి పేపరే అతని ముందు పెట్టాను. లైబ్రరీ ప్రశ్నకు నేను 1 వేశాను. అతను సున్నా వేశాడు. అది మరీ కఠినమని నేనే వాదించాల్సి వచ్చింది.

ఆరోజే ఇంకో చిన్న సంఘటన జరిగింది. నాన్నగారు మా హాల్లో సోఫాలో కాఫీ తాగుతూ వింటున్నారు. ఆయన అందుకుని, "అంటే పి-వాల్యూ 0.0228 అంటే నల్ నిజమయ్యే అవకాశం 2.28 శాతం, అంతే కదా" అన్నారు. ఉద్యోగంలో రోజూ డేటా చూసేవాళ్లు కూడా ఇలాగే అంటారు. నేను నోరు తెరిచేలోపే అబ్బాయి, "కాదు డాడీ. 40 పర్సెంటే నిజం అనుకో. అప్పుడు కూడా 150 మందిని తీస్తే లక్‌తో 72 కానీ అంతకంటే ఎక్కువ కానీ వచ్చే చాన్స్ అది" అన్నాడు. అచ్చుల కాగితంలో నేనిచ్చిన వాక్యం ఇంతకంటే మూడింతలు పొడుగుంటుంది. ఇది అతని సొంతం, సగం ఇంగ్లిష్‌తో సహా. ఆయన కాసేపు ఆలోచించి, "మరి నల్ నిజమయ్యే అవకాశం ఎంత?" అని అడిగారు. మంచి ప్రశ్నే కానీ, దానికి ఈ టెస్టు జవాబివ్వదు.

అప్పటినుంచి రాయడానికి ముందు నోటితో చెప్పించాను. ఏ భాషలోనైనా సరే, ఇది ఎవరి గురించి, ఏం అనుకుని లెక్కిస్తున్నాం, ఏం తేలింది. తర్వాత పెన్ను. ఏప్రిల్ మధ్యకి రాత ప్రశ్నలు 20కి 12కు వచ్చాయి.

ఆరో ప్రశ్న, గడియారం

ఇన్వెస్టిగేటివ్ టాస్క్‌లో క్లాసులో చెప్పనిది ఏదో ఒకటి ఉంటుంది. తెలిసిన విషయాల నుంచి మెట్టుమెట్టుగా అక్కడికి తీసుకెళ్తారు. మొదటి భాగాలు సాధారణంగా తేలికే. దానికి వెయిటేజీ ఎక్కువ కాబట్టి ముందే రాసేయాలని చాలామంది సలహా ఇస్తారు, నేనూ ఇచ్చాను. ఈ అబ్బాయి విషయంలో బెడిసికొట్టింది. పజిల్ దొరికితే వదలని రకం. ఒక మాక్‌లో దాంట్లోనే 42 నిమిషాలు కూర్చుని, నాలుగు, ఐదు ప్రశ్నలు ముట్టుకోనే లేదు.

చివర రాద్దామంటే అలసటా, టెన్షనూ. అందుకని మధ్యేమార్గం: మొదటి రెండు ప్రశ్నలు రాసి, తర్వాత ఆరోదానికి వచ్చి, 25 నిమిషాలకు ఎక్కడున్నా సరే ఆపి, మిగతా మూడింటికి వెళ్లాలి. వాక్యం మధ్యలో ఉన్నా ఆపాల్సిందే. మూడు మాక్‌లలో రెండింట్లో పాటించాడు.

ఇంకో విషయం నాకు ఆలస్యంగా తెలిసింది. వీడు హోంవర్క్ అంతా లాప్‌టాప్ మీదే టైప్ చేస్తాడు. గంటన్నర ఆపకుండా చేత్తో రాయడం అలవాటు లేదు, చివరి ప్రశ్నకు వచ్చేసరికి అక్షరాలు కోడి గెలికినట్టుండేవి. ఏప్రిల్ అంతా ప్రతి పనీ పెన్నుతోనే చేయించాను. కాలిక్యులేటర్ కమాండ్లు రాయడం కూడా మాన్పించాను. టీఐ-84లో నొక్కిన మీటల పేరు రాసి, బ్రాకెట్లో నాలుగు అంకెలు పడేస్తే ఏది సగటో ఏది స్టాండర్డ్ డీవియేషనో చదివేవాళ్లకు చెప్పినట్టు కాదు.

ఫలితం

ఏప్రిల్ చివరి మాక్: మల్టిపుల్ చాయిస్ 35, రాతలో 20కి 14, ఆరోదానికి 2. వందకు 76.25. నా అంచనా 5.

జూలైలో వచ్చింది 4.

ఎందుకన్నది కచ్చితంగా చెప్పలేను, బోర్డు ప్రశ్నల వారీగా మార్కులు పంపదు. పరీక్ష రోజు ఆరోదాంట్లో 25 నిమిషాలు దాటిపోయాయని అబ్బాయే చెప్పాడు. ఒక ప్రశ్నలో షరతులు సగమే రాసిన సంగతి ఇంటికొచ్చాక గుర్తొచ్చిందట. నా వైపు నుంచి కూడా ఒకటుంది. ఏప్రిల్ మాక్ దిద్దింది నేనే. నాలుగు నెలలుగా చూస్తున్న చేతిరాత, అతనేం అనబోతున్నాడో నాకు ముందే తెలుసు. మధ్యలో వదిలేసిన మాటలు నా మనసే పూరించి ఉంటుంది. ఇప్పుడు చివరి మాక్‌ను ఇంకో ట్యూటర్‌తో దిద్దిస్తున్నాను, ఆవిడ పేపర్లు నేను దిద్దుతాను.

నాన్నగారు "ఇంకొక్క పాయింటు" అని చాలాసేపు అన్నారు. అబ్బాయికి మాత్రం పెద్ద బాధలేదు.

మొదటిరోజు అడగని ప్రశ్న

అబ్బాయి 2025 ఆగస్టులో ఒక యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. యూనివర్సిటీ 4కి క్రెడిట్ ఇచ్చింది. కానీ అది ఎలెక్టివ్ (తప్పనిసరి కాని, ఇష్టంగా ఎంచుకునే కోర్సు) ఖాతాలో పడింది. డిపార్ట్‌మెంట్‌కు కావలసింది కాలిక్యులస్ ఆధారంగా చెప్పే ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్ కోర్సు. ఏపీ స్టాటిస్టిక్స్‌లో కాలిక్యులస్ ఉండదు. సైకాలజీ, బిజినెస్, నర్సింగ్ వంటివి చదివేవాళ్లకు చాలాచోట్ల ఇది నేరుగా ఒక కోర్సు తప్పిస్తుంది, ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ వాళ్లకు తరచుగా తప్పించదు. 5 వచ్చినా ఇక్కడ పరిస్థితి ఇదేనట. అంటే ఆ ఒక్క పాయింటు కోసం పడ్డ బాధంతా వృథా. ఈ సంగతి 2024 జనవరిలో పది నిమిషాలు వెతికితే తెలిసేది. నేను అడగలేదు, వాళ్లు చూడలేదు.

అలాగని ట్యూషన్ వద్దనేవాళ్లమా అంటే, బహుశా కాదు. అప్లికేషన్లో చూపించడానికైనా రాసేవాడు. కానీ 5 కోసం అంత ఒత్తిడి ఉండేది కాదు, ఆ శనివారాల్లో కొన్ని కాలిక్యులస్‌కి వెళ్లేవి.

ఇప్పుడు నా దగ్గరకు వచ్చే ప్రతి కుటుంబంతో మొదటిరోజే మూడు కాలేజీల పేర్లు చెప్పించుకుని, వాటి క్రెడిట్ పేజీలు అక్కడే కలిసి తెరిచి చూస్తున్నాం. యూనివర్సిటీ పేజీ ఒకటే చాలదు, డిపార్ట్‌మెంట్‌ది కూడా. ఆ తర్వాతే మాక్ టెస్టు. మాక్‌లో మొదట దిద్దేది రాత ప్రశ్నలే.